నా లారీ తొక్కిన దారి

ఆరున్నరకే వచ్చి మిల్లు వంతెన మీద ఆగి ఉంది జ్దిస్లావా,
ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద.
"టైర్లలో గాలి కొంచెం తీసెయ్యి, అల్బీన్ మామా.
బిర్రుగా ఉన్న టైరు రాళ్లతో పోట్లాడుతుంది,
మెత్తబడ్డది మాట్లాడుతుంది."
పంతొమ్మిదేళ్ల పిల్ల మాట విని
యాభై ఎనిమిదేళ్ల నడుము వంచి వాల్వు నొక్కాను.
బుస్సుమన్న చప్పుడుకి
వంతెన కింద బాతు ఒకటి రెక్కలు విదిల్చింది.

సాజవ ఏటి వెంట మొదటి ఆరు కిలోమీటర్లు
పొగమంచులోనే పోయాం.
ముందు చక్రం తప్ప ఏమీ కనబడలేదు.
ఏరు మాత్రం వినబడుతూనే ఉంది,
పక్క గదిలో ఎవరో గిన్నెలు కడుగుతున్నట్టు.

ఎడమకి తిరిగితే కోవార్నా చెరువు.
కట్ట మీద ఓక్ ఆకులు నాని దారి జారుతోంది.
తూము ఎత్తి ఉంది.
అక్టోబరు కదా, చేపలు పట్టే వారం.
తొడల దాకా రబ్బరు బూట్లేసుకుని
బ్లజేయ్ ఇంటిల్లిపాదీ బురదలో ఉన్నారు.
వలలో కార్ప్ చేపలు ఒకటే కొట్టుకోవడం,
మెట్ల మీంచి పళ్లేలు దొర్లినట్టు.
ఆగమన్నారు, ఆగాం.
నా టీలో కొంచెం రమ్ము, జ్దిస్లావాకి ఒట్టి టీ,
ఆమె ఫోనుకి ఒక ఫోటో.
"చెరువు అడుగు ఇలా ఉంటుందా!"
"ఏడాదికోసారి ఉంటుంది" అన్నాడు బ్లజేయ్,
"మిగతా రోజులు మనకెందుకు చెప్పు."
బురద మధ్యలో నల్లటి దుంగ ఒకటి తేలింది.
నేను చూశాను. ఎవరికీ చూపలేదు.

అక్కణ్ణించి అంతా ఎక్కుడే.
ఒక గేరు మార్చాను, ఇంకోటి మార్చాను,
ఇక మార్చడానికి లేదు.
కాకుల గుట్ట.
ఆ పిల్ల ఫోనులో ఇక్కడంతా పచ్చరంగు.
తలెత్తి చూస్తే మొద్దులు,
కొట్టివేతల చిట్టాలా వరసన మొద్దులు.
"అడవేది?"
కొండ మీది అడవి కొండెక్కింది, అన్నాను.

బియ్యపుగింజలో సగం లేదు ఆ పురుగు.
బెరడు కిందికి దూరి
తనకొక్కదానికే అర్థమయ్యే రాత రాసుకుంటూ పోయింది.
మూడు వేసవులు వాన లేదు,
స్ప్రూస్ చెట్లకి జిగురు కార్చే ఓపిక లేదు.
నాలుగేళ్లు లారీ నడిపాను,
ముప్పై టన్నుల చచ్చిన చెట్టు, రోజుకి ఐదు ట్రిప్పులు.
అంతకుముందు ఇది నడుమ గడ్డి మొలిచిన బండిదారి.
లారీలు దిగబడుతున్నాయని
గ్రానైటు కంకర పోశారు, రోలరు తెచ్చారు.
మిగిలిన పని నా పద్దెనిమిది టైర్లు చేశాయి.

ఇదేమీ నేను చెప్పలేదు.
ముందు పోతూ ఆ పిల్లే వెనక్కి అరిచింది:
"ఎంత బాగుందో ఈ కంకర! ఎవరు వేశారో గానీ!"
ఊపిరాడనివాడు జవాబివ్వకపోతే
ఎవరూ తప్పుపట్టరు.

పైన గాలి.
మోకాలెత్తు బర్చ్ మొక్కలు, ఎర్రగా రోవన్ కాయలు.
ఇదివరకు ఇక్కణ్ణించి చెట్టు వెనక చెట్టే కనబడేది.
ఇప్పుడు మూడు చెరువులు, ఏటి మెలిక,
మా ఊరి బడి కప్పు మీద కొత్త రేకు కూడా.
చూపు ఇంత దూరం పోతున్నందుకు
సంతోషించాలో సిగ్గుపడాలో
నాకు ఇంకా తేలలేదు.

దిగుడులో రెండో మలుపు దగ్గర
"బ్రేకు గట్టిగా పట్టకు!" అని కేకేశాను.
ఆమె ఆగింది. "నీకెలా తెలుసు?"

మార్చి నెల. పైన మంచు, కింద బురద.
వెనక ట్రెయిలరు ముందు వంగింది,
గొలుసు తెగింది.
నలభై దుంగలు, మామూలుగా నెమ్మదిగా దొర్లుతాయి అనుకుంటాం కదా,
అలా కాదు.
అన్నీ ఏరి తెచ్చాం. ఒకటి చెరువులో దిగిపోయింది.
"పొద్దున నీ ఫోటోలో చూడు,
కుడి మూల."

జ్దిస్లావా ఫోను తీసి
రెండు వేళ్లతో బురదని పెద్దది చేసింది.
చాలాసేపు చూసింది.
చేతి తొడుగుల్లో నా వేళ్లు ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాయి.

"రూటులో ఇక్కడ ఒక గుర్తు పెడతాను" అంది చివరికి,
"జనం వస్తారు కదా. ఏమని రాయను?"

టైర్లలో గాలి కొంచెం తీసి రమ్మను, అన్నాను.