చక్రవడ్డీ

వారమంతా నేను తూచేది ఊరివాళ్ళ బంగారం.
పెరంబూరు మార్కెట్టు వెనక తాకట్టు కొట్టు,
ఫ్యాను ఆపితేగాని
త్రాసులో అంకె నిలవదు.
శనివారం రాత్రి షట్టరు సగం దించి
అదే పళ్ళెంలో ఇంజన్లు పెడతాను.

ఢిల్లీబాబు తెచ్చింది ఒకటిన్నర సీసీ.
తొంభై ఆరు గ్రాములు.
విమానం చూస్తే రెండడుగుల బాల్సా రెక్క,
ముప్పావు సీసీకి గీసిన బొమ్మ.
"పెద్దదైతే ఏమన్నా, బలమేగా" అన్నాడు.
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో అప్రెంటిసు,
వాడికి బరువంటే టన్నులు.

ముక్కు దిగిందని తోకలో సీసం కుక్కాడు.
తోక బరువైందని రెక్కకి ఇంకో పుల్ల అతికాడు.
ఇంజను ఆకలి పెద్దదని పెద్ద ట్యాంకు,
లాగుడు పెరుగుతుందని లావు తీగలు.
నాకు తెలిసిన వ్యవహారమే ఇది.
అసలు నలభై అయిదు గ్రాములు,
తక్కినదంతా వడ్డీ మీద వడ్డీ.

ఆదివారం, ఎండ ఎక్కకముందే, మైదానం.
చిన్నప్పుడు ముక్కు మూసి మా చేత తాగించిన ఆముదం
ఈథరు కలిపిస్తే
ఇంజను ఎంత ఇష్టంగా తాగుతుందో!
"పిట్ట కొంచెం, కూత ఘనం"
సైకిలాపి అన్నాడు పాలాయన.
కూత ఘనమే.
పిట్ట సగం చుట్టు నేలని గీరుకుంటూ పోయి
ఒక్క గెంతు గెంతి,
హ్యాండిల్ ఎంత వంచినా వినకుండా
మట్టిలోకి దిగబడింది.
ముక్కలన్నీ బనియన్లో మూట కట్టుకున్నాడు వాడు.
నేను కూడా ఏమీ అనలేదు.

మూడు వారాలు.
ఈసారి ముప్పావు సీసీ, యాభై ఒకటి.
సీసం లేదు. రెండో పూత రంగు
పదకొండు గ్రాములు తింటుందని నేనే వద్దన్నాను.
మొత్తం నూట డెబ్భై.
రశీదు పుస్తకంలో రాసి సంతకం పెట్టిచ్చాను.

ఎప్పుడు లేచిందో చూడలేదు,
తీగలు ముందు చెప్పాయి.
గాలి వచ్చే వైపు అవి వదులైతే
ఢిల్లీబాబు ఒకడుగు వెనక్కి వేశాడు, అంతే,
మళ్ళీ బిగిశాయి.
అప్పుడు తిరుగుతూ తిరుగుతూనే
నా చేతిలో పెట్టాడు హ్యాండిల్.

నేనెప్పుడూ ఎగరేసినవాణ్ణి కాదు, తూచేవాణ్ణి.
గాజు పట్టుకుంటే
అరగ్రాము తేడాతో చెప్పే చెయ్యి నాది.
ఆ లాగుడు ఎంతో
చెప్పలేకపోయింది.

సోమవారం పొద్దున్నే ఒకావిడ
గొలుసు పెట్టి "ఎంతుంది?" అంది.
ఫ్యాను ఆపాను.
నేల ఇంకా ఎడమకి తిరుగుతోంది.
"ఉండమ్మా,
అంకె నిలవనీ."