తడి చొక్కా

నవంబరులో ఎండలు మండే ఊరు ఉబెరాబా.
ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలో
అందరి వీపులూ తడిసి ముద్ద.
నాది తడిసేది కుళాయి నీళ్లతో,
గంటకోసారి, చొక్కాతో సహా.

చెమటోడ్చి బతికానని
చెప్పుకునే వీలు లేదు నాకు.
ముప్పై ఏళ్ల కూలి
ఒక్క చుక్కైనా కార్చకుండా సంపాదించాను.

రాలేవి పొలుసులు.
పొద్దున్నే పక్క దులిపితే
తాత బెలార్మినో రాలతాడు,
ఫొటోలో మెడదాకా బొత్తాలు పెట్టుకున్న మనిషి.
పొలం పుట్రా ఏమీ ఇవ్వలేదు. ఇదే పంచాడు.

చర్మం డాక్టరు మంచివాడే.
ఈ వేళ్లు ముడుచుకుంటున్నాయంటే
ఆయన రాసిచ్చిన లేపనం చలవే.
కానీ చొక్కా విప్పమన్న ప్రతిసారీ
తలుపు దగ్గర ఆరుగురు విద్యార్థులు.

గురువారాలు అన్సెల్మో గారి హోమియో గదికి పోతాను.
"నయం చెయ్యలేను జుల్మీరా, లేపనం మానకు"
అని మొదటి రోజే చెప్పేశాడు.
తర్వాత అడిగాడు:
ఏ పక్కకి తిరిగి పడుకుంటావు?
దురద లేచేది ఏ జాముకి?
నీ చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్లయింది?

మూడోదానికి జవాబు
ఇంకా బాకీ.

ఆవగింజంత తెల్ల మాత్రలు నాలుగు
నాలుక కింద కరుగుతాయి. పంచదారే, తెలుసు.
ఆ రాత్రి మాత్రం నిద్ర పడుతుంది.
ఎందుకో ఆయనా చెప్పడు, నేనూ అడగను.

మొన్న చెల్లెలి మనవరాలిని ఇంటికి తెచ్చారు,
నెల పిల్ల, ఒళ్లంతా మైనపు పొర పగుళ్లు.
ఎత్తుకుందామంటే ఎవరికీ చేతులు రాలేదు.
నేను సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని
వాజలీన్ డబ్బా మూత తిప్పాను.