ఉడికిన మెతుకులు

ఫిబ్రవరి. వెర్మాంట్‌లో మంచు
కిటికీ సగందాకా పేరుకుంది.
లోర్నా హాస్కెల్ ఒక్కో దరఖాస్తుకీ
పన్నెండు నిమిషాలు ఇస్తుంది.
పక్కన చల్లారిపోయే కాఫీకి అదీ లేదు.

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
ఇక్కడ పట్టిన ప్రతి మెతుకూ ఉడికిందే.
విస్తళ్లే తక్కువ.

మెయిన్‌లో, బంగాళాదుంపల చేలో,
నాన్న ట్రాక్టరు విప్పి బిగించిన డెల్ఫీన్ పెల్కీ
వ్యాసం నిండా గ్రీజు వాసన రాసింది.
లోర్నా రెండుసార్లు చదివింది, నియమం తప్పి.

బల్ల చుట్టూ ఏడుగురు.
"మన ఓబో కుర్రాడు ఈ ఏడు వెళ్లిపోతున్నాడు కదా"
అన్నారెవరో, గొంతు సవరించుకుని.
అంతే.
ఓబో వాయించే ఇంకో పేరు మీద చేతులు లేచాయి.
లోర్నా చెయ్యి కూడా,
కాస్త ఆలస్యంగా.

మార్చి చివర డెల్ఫీన్
తన వ్యాసంలో ప్రతి కామానీ తడుముకుంటుంది,
లెక్కల్లో జారిన ఆ ఒక్క మార్కునీ.
ఓబో ఎలా ఉంటుందో
ఆమె ఎన్నడూ చూడలేదు.

ఇవాళ మాత్రం చీకటి పడింది.
పార్కింగ్‌లో లోర్నా కారు
రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
బానెట్ ఎత్తి,
ఫోన్ వెలుగులో,
ఏది దేనికి బిగించి ఉందో తెలియక
అలా చూస్తూ నిలబడింది.