బదులు

జమ్మలమడుగు దోవలో పాత మిషను బంగళా సామాన్లు
తూకానికి కొన్నాడు దస్తగిరి.
ఇనుప మంచాలు, అద్దాల్లేని లాంతర్లు,
బిస్కెట్ల డబ్బాలో దూది మధ్య ఇది.
"మిసర్ దేశపు బొమ్మంట. నలభై ఇయ్యి సుబ్బరాయుడా."

ప్రొద్దుటూరు బజారులో ముప్పై ఏండ్లు
గీటురాయి మీద బంగారం గీసిన చెయ్యి నాది.
ఇది గీసేది కాదు.
చూపుడు వేలంత, ఎండిన నాచు రంగు,
మడమల కాడ విరిగింది.
రొమ్ము మీద కట్టుకున్న చేతుల్లో చెరొక చలికె,
వీపున గింజల సంచి.

పుస్తకాలు తెప్పించుకుంటే తెలిసింది.
అక్కడ సచ్చినోళ్ళకూ పని తప్పదంట.
కాలవ తవ్వాల,
తూర్పు ఇసుక పడమటికి మొయ్యాల.
పేరు పిలిస్తే సచ్చినాయన బదులు
ఈ బొమ్మ లేచి
"ఇదిగో, ఉండా" అనాలంట.
దినానికొక బొమ్మ,
పది మందికొక మేస్త్రీ, చేతిలో కొరడా.

మేస్త్రీ బొమ్మ ఒకటి పోయినేడు చౌకగానే వచ్చింది.
కొనలేదు.

తర్వాత ఇంకో నాలుగు కూడినయ్.
రెండు దొంగవి. పచ్చదనం నిన్నటిది,
గోరు తగిలితే తెలిసిపోతుంది.
బంగారమైతే గిరాకీ ముఖం మీదనే చెప్తా.
వీటిని తీసెయ్యలేకపోయినా.
నిలబడమంటే నిలబడినయ్ కదా.
పేడపురుగు రాయిని మాత్రం మా నరసమ్మ
దేవుని గూట్లో పెట్టనీలేదు,
"ఇంట్లో పురుగులు చాలవా?"

నాకు తొమ్మిదేండ్లు. కరువు పని.
ముద్దనూరు రోడ్డుకు కంకర.
అమ్మకు చలిజ్వరం.
మస్టరులో పేరు పోతే ఆ దినం జొన్నలు పోతాయి.
ఆమె తలగుడ్డ నేను చుట్టుకొని
వరసలో నిలబడినా.
"పుల్లమ్మా."
"ఉండా" అన్నా.
మేస్త్రీ కాగితం మీద నుంచి కన్నెత్తినాడు.
చూసినాడు. చానాసేపు చూసినాడు.
గీత పెట్టినాడు.
ఎవరో గంప నా నెత్తికెత్తినారు.

ఇప్పుడు అంగడి మూసినాక బీరువా తెరిచి
భూతద్దం పట్టుకొని కూర్చుంటా.
బొమ్మ ముందరి రాతలో
పేరుండాల్సిన కాడనే పెచ్చు లేచిపోయింది.
ఎవరి బదులు వచ్చినావే, అని అడుగుతా.
పేరు పెట్టి పిలవకుంటే
అదెట్ల పలుకుతుంది?

నిన్న రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో, ఎవరూ వినరులే అని,
"పుల్లమ్మా" అన్నా.

పలికింది నేనే.