తండ్రి పేరు నందన

ఆనకట్ట కూలి చిట్టా రాసే గుమాస్తా
ముక్కుపొడుం ఎగబీల్చి అడిగాడు, పేరు?
ఆదెమ్మ.
తండ్రి పేరు?

నా వెనక అరవై తట్టలు కదలకుండా నిలబడ్డయ్.
సీతానగరం కొండ పగులుతున్న చప్పుడు
ఏరు దాటి బెజవాడ కొండని తాకి
మళ్ళీ నా చెవిలోకే వస్తోంది.
నాకు తెలిసిన పేరు ఒక్కటే.
నందన, అన్నాను.

కలం ఆపి చూశాడు.
అది మనిషి పేరు కాదే, కరువొచ్చిన ఏడు.
అవునండీ, నన్ను ఒంటిగా మిగిల్చింది అదే.
ఏమనుకున్నాడో, రాసుకున్నాడు.
ఇసక చల్లి ఆరబెట్టాడు ఆ మూడక్షరాల్ని.

గుంటూరు సంతలో, డొక్కలెండిన మనుషుల మధ్య
చల్లబడ్డ ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకుని ఉన్నానంట.
ఆ చేతిలో చింతగింజలు మూడు.
కన్నతల్లో, దారినపోయే మరో బిడ్డ తల్లో
చెప్పేవాళ్ళు లేరు.
ఆదివారం దొరికాను గనక ఆదెమ్మ.
వారం ఒకటి, ఏడు ఒకటి ఇచ్చి
పంచాంగం నన్ను పెంచుకుంది.

గంజి పోసిన ఇంటివాళ్ళు
పోసిన గంజికి లెక్క రాసుకున్నారు.
తోమిన అంట్లకి, చేదిన నీళ్ళకి,
వాళ్ళ పిల్లల్ని ఎత్తి ఎత్తి అరిగిన నడుముకి
ఏ కవిలెలోనూ చోటు లేదు.
ముగ్గురు పెళ్ళాల్ని కాటికి పంపిన
వాళ్ళ బావమరిదికి నన్ను అనుకున్న రాత్రే బయల్దేరాను.
మంగళగిరిలో తెల్లారింది.
ఏటికి అడ్డంగా కట్ట వేస్తున్నారంట,
ఎవరి పిల్లవని అడగరంట,
తట్ట మొయ్యగలవా అంటారంట, అని దారిలో ఎవరో చెప్పారు.
అడిగారు గదా, చూశారుగా.

తట్టకి ఒక చింతగింజ, కొంగున ముడి.
మేస్త్రీ నలభై అన్నరోజు
ముడి విప్పి వాడి ముందు పోశాను, యాభై రెండు.
డబ్బులిచ్చాడు. మర్నాడు పనికి పిలవలేదు.
మూడోనాడు పిలిచాడు, ఎందుకంటే
వరసలో ప్రతి ఆడదాని కొంగూ బరువుగా ఉంది.

పోలి కొంగులో ముప్ఫై ఒకటి ఉండగా
మందు కూరిన రాయి ముందే పేలింది.
ఆ గింజలు గుమాస్తా దగ్గరికి తీసుకెళ్ళాను.
చచ్చినోళ్ళకి చిట్టా లేదన్నాడు.
ఆ ముడి నేనింకా విప్పలేదు.

కట్ట పూర్తయింది.
గుడిసెలు పీక్కుని అందరూ ఊళ్ళకి పోయారు.
పోవడానికి ఊరుండాలి గదా.
నత్తగుల్లలు అరువు తెచ్చి
ఏటి ఒడ్డున సున్నపుబట్టీ పెట్టాను.
మొదటి బట్టీ సగం పచ్చిగా దిగింది.
రెండోది నా కనుబొమల్ని తినేసింది.
మూడోదానికి, లాకులు కట్టేవాళ్ళు వచ్చి
బేరమాడాలి, మీ ఇంట్లో మొగాళ్ళని పిలువమ్మా అన్నారు.
సున్నానికి మొగుడక్కర్లేదండీ,
నీళ్ళు తగిలితే తనే ఉడుకుతుంది.
కుంచానికి ఇంత, అన్నాను.

బట్టీ పక్కన తాటాకు కొట్టం.
తలుపుకి గడియ లోపలివైపు పెట్టించాను.
మొదటి రాత్రంతా
వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకున్నాను.

లాకు దగ్గర లస్కరు పెంటయ్య
రెండేళ్ళుగా అడుగుతున్నాడు. మంచోడే.
అవునన్లేదు, కాదన్లేదు.
చెప్పకుండా ఉండటం కూడా
ఇప్పుడు నా సొత్తే.

కాలవకి నీళ్ళు వదిలిన రోజు అతన్నే అడిగాను,
ఇయ్యి గుంటూరు సంతదాకా పోతయ్యా?
అది మెరక, ఎక్కవు, అన్నాడు.
పొద్దుగూకేదాకా గట్టు మీదే కూర్చున్నాను.
అన్ని నీళ్ళు.
ఒక చేతిలో మూడు గింజలు.

అరవై ఏళ్ళకి నందన మళ్ళీ వస్తుందంట.
అప్పటికి బతికుంటే
నా సున్నంతో నా గోడకి వెల్లవేసి
వాకిట్లో కుంచెడు జొన్నలు పోసుకుని కూర్చుంటాను.
తండ్రి గదా,
వచ్చి చూసుకోనీ.