పొట్టలో గీత

వాళ్ళ నాన్న పాలిషింగ్ ఫ్యాక్టరీలో అడిగి
విరిగిన ముక్కొకటి ఇంటికి తెచ్చాడు.
చీమకుర్తి నల్లరాయి.
పిల్ల చేతులు కోసుకోకుండా
అంచులు ఆయనే అరగదీశాడు.
ఎక్కడెక్కడి వాళ్ళో లక్షలు పోసి
నేలకు పరుచుకునే రాయి మీద
మా జోషిత సుద్దముక్కతో
తన పేరు రాసుకుంటోంది:
జోపిత.

"ప పొట్టలో గీత పెడితేనే కదమ్మే, ష?"
అన్నాను మెత్తగా.
రెండోసారీ మెత్తగానే.
మూడోసారి నా గొంతులోంచి
ఒకటో తరగతి బి సెక్షన్ టీచరు
కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది.

ఏడేళ్ళు చేశాను ఆ ఉద్యోగం.
నలభై రెండు మంది పిలకాయలు,
మూడు ఫ్యాన్లు, తిరిగేది ఒకటి.
ఇది కడుపున పడ్డాక మానేశాను.
శనివారం శనివారం తల్లులొచ్చేవాళ్ళు,
క్వారీ దుమ్ము కొంగుతో తుడుచుకుంటూ.
"మావాడికింకా గుణింతాలు రాలా టీచర్" అని
బల్లకి అవతల తప్పు చేసినట్టు నిలబడేవాళ్ళు.
"ప్రతి బిడ్డకీ ఒక అదునుంటుందమ్మా,
పదును లేందే కంది మొలుస్తుందా" అనేదాన్ని.
కళ్ళజోడు పైకి తోసుకుని మరీ అనేదాన్ని.
ఎంత చవగ్గా పంచానో ఆ మాట,
బడి లెక్కలో వచ్చే సుద్దముక్కలాగా.

ఇప్పుడు బల్లకి అవతలా ఇవతలా నేనే.
అదే మాట నాకు నేను చెప్పుకుంటే
చినిగిన నోటులా తిరిగొస్తోంది.

ఎదురింటి కోటమ్మ మనవడు
దీనికంటే నాలుగు నెలలు చిన్న.
నేను చీపురు పట్టుకుని బయటికొచ్చే వేళకే
అరుగు మీద పేపర్లో హెడ్డింగులు చదువుతాడు.
"టీచరమ్మ కూతురికి ఎవరు చెప్పాలిలే" అంటుంది కోటమ్మ.
పొగడ్తే అది.
పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా
పొద్దుగూకేదాకా నాలుకకి తగులుతూనే ఉంటుంది.

పొదిలి నుంచి రాజ్యం ఫోన్ చేస్తుంది రాత్రిళ్ళు.
తనూ మానేసిన టీచరే.
"మావాడు మూడుని తిరగేసి రాస్తున్నాడే,
మా అత్త చూడకముందే చెరిపేస్తన్నా."
ఇద్దరం నవ్వాం.
నవ్వు అయిపోయాక
ఫోనెవరూ పెట్టెయ్యలేదు కాసేపు.

నిన్న గ్యాస్ బండ తెచ్చిన కుర్రాణ్ణి
మీసాల వెనకనుంచి గుర్తుపట్టాను, మాలకొండయ్య.
డిక్టేషన్లో పదికి రెండు.
వాడి నోటుబుక్కు నిండా నా ఎర్ర సిరా.
బండ వంటింట్లో దించి, పలక చూసి ఆగాడు.
"నాకూ ఇక్కడే పోయేది టీచర్."
తిట్టలేదు, ఎత్తిపొడవలేదు.
చిల్లర లెక్కపెట్టి సరిగ్గా చేతిలో పెట్టి వెళ్ళాడు.

"అమ్మా, ఈ రాయిలో మెరుపులు
ఎవరు పెట్టారు?"
"రాయి" అన్నాను.
అది రాయినే చూస్తోంది.
"రాయి అంటుంటే!"
వేలితో ఒక మెరుపు నుంచి ఇంకో మెరుపుకి
దారి వేసుకుంటోంది,
అరచెయ్యంతా సుద్ద.
నాకూ తెలియదు ఎవరు పెట్టారో.
తెలియదని చెబితే సరిపోయేది.

పొయ్యి మీద పప్పు దించి వచ్చేసరికి
రాసిపెట్టింది.
జో పొట్టలో గీత.
షి పొట్టలో గీత.
పాపం, త కి కూడా, చోటు లేకున్నా కుక్కి.
పక్కనే అమ్మ అని రాసింది,
నాకూ రెండు గీతలు.

"అన్నిట్లో పెట్టేశా.
ఇంక నువ్వు అరవ్వుగా?"

తడిగుడ్డ నా చేతిలోనే ఉంది.
వీధి మొగలో నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టింది.
నేను బిందెతో, అది చెంబుతో పరిగెత్తాం.
వెనక పలక అట్టాగే ఉంది.