పన్నెండో గడి

తవిటినాయుడు గారి పింఛను కాగితాలు
మూడోసారి తిరిగొచ్చాయి.
మడత దగ్గర చిరుగుకి నేనే టేపు అంటించాను.

పన్నెండో గడి అడుగుతుంది:
జబ్బు విధినిర్వహణలో సోకినచో
ఏ తేదీన, ఏ ప్రమాదంలో?
ఇచ్చిన జాగా నా బొటనవేలంత.

ఇరవై ఆరేళ్లు, ఈ పలాస ఫైరాఫీసులోనే.
బీరువా తీసి, చెదలు వదిలిన రిజిస్టర్లు దించాను.
మందస వైపు పూరిళ్లు పద్దెనిమిది.
కాశీబుగ్గలో టైర్ల కొట్టు, తెల్లవార్లూ.
జీడి ఫ్యాక్టరీలు, ఒక్క వేసవిలోనే నాలుగు.
ప్రతి పేజీ అడుగునా రెండే అంకెలు:
కాలిన ఆస్తి ఇంత,
కాపాడిన ఆస్తి ఇంత.
ఆయన పీల్చింది ఎంతో రాయడానికి
గీత కొట్టలేదెవరూ.

జీడితొక్క మంట సంగతి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.
పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూస్తే చాలు.
ఆ నూనే పొగై లోపలికి పోతే
ఏ వేళ్లు చూపించాలి?

రిమ్స్‌లో బోర్డు ముందు కూచోబెట్టి అడిగారట,
బీడీ అలవాటుందా అని.
"నేదు బాబూ,
ఊరోల పొగ తాగడానికే సరిపోనాది"
ముగ్గురు డాక్టర్లలో ఒకాయన నవ్వారట.
కాగితంలోకి ఆ నవ్వు రాలేదు.
'ధూమపానం: నిర్ధారణ కాలేదు' అని మాత్రం వచ్చింది.

ఇవాళ బల్ల అవతల ఇద్దరూ.
బియ్యం సంచికి పట్టీ కుట్టి, అందులో ఆక్సిజన్ బండ పెట్టి
భుజాన వేసుకొచ్చింది దాలమ్మ.
"ఏ తేదీకి డబ్బులొస్తే ఆ తేదీయే రాసీయమ్మా" అంది.
ఆయన చెయ్యెత్తి ఆపాడు.
మాటకి ముందు ఊపిరి రావాలి,
ఫ్యాను కింద మేం ఇద్దరం ఆగాం.
"నాను డూటీలో సేరిన రోజు రాయి, తల్లీ"

రాశాను.
నాలుగోసారీ తిరిగొస్తుందని తెలుసు,
అయినా టైపు మిషన్ మీద కాదు, పెన్నుతోనే,
గడి దాటి అంచులోకి పోయేలా రాశాను.

బయట షెడ్డులో కుర్రాళ్లు బండి కడుగుతున్నారు.
సంతకం చెయ్యమని కాగితం తిప్పి పెట్టాను.
'తవిటి' దగ్గర ఆగాడు.
దాలమ్మ బండ మీద మర కొంచెం తిప్పింది.
అప్పుడు రాశాడు,
'నాయుడు'.